మైదానాల మీద మూత: వేసవి ఉరుములు, ఉష్ణోగ్రతలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోటు గురించి ఉన్నాయి. రాకీ పర్వతాలకు తూర్పున, టెక్సాస్ నుంచి ఓక్లహామా, కాన్సాస్, నెబ్రాస్కాల మీదుగా డకోటాల వరకు పరచుకున్న అమెరికా మహా మైదానాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు కొందరు రాశారు. వారి కోసం ఇక్కడ కూర్చుని ఫోన్లలో అక్కడి వాతావరణం చూసుకుంటున్న తల్లిదండ్రులు ఇంకొందరు రాశారు. ఉరుముల వాన గురించి అడిగినవారూ, ఎండ గురించి అడిగినవారూ నిజానికి ఒకే విషయం అడిగారని నాకు అనిపించింది. ఆ మైదానాల్లో రేపు ఎంత వేడి ఉంటుందో చెప్పాలంటే ఈ రాత్రి వాన ఎక్కడ పడుతుందో ముందు తెలియాలి. వాన పడుతుందో లేదో చెప్పాలంటే ఎండ ఎంతవరకు ఎక్కుతుందో తెలియాలి. అందుకే రెండు రకాల ఉత్తరాలనూ కలిపి తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒమాహాలో ఉంటాడు. ఫోనులో ఉరుములతో వాన పడే అవకాశం 40 శాతం అని చూపించింది. వాడి వీధిలో చుక్క కూడా పడలేదు, పది మైళ్ల దూరంలోని స్నేహితుడి కారు అద్దం మాత్రం వడగళ్లకు పగిలింది. ఆ 40 శాతం అనే మాటకు అర్థమేమిటి? (ఒక తల్లి)

సమాధానం: ముందుగా, మీ అబ్బాయి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ లెక్కలో 40 శాతం అంటే, ఆ అంచనా వర్తించే ప్రాంతంలో మీరు ఏ ఒక్క చోటును వేలు పెట్టి చూపినా, పేర్కొన్న వ్యవధిలో ఆ చోట కొలవదగినంత వాన, అంటే అంగుళంలో నూరో వంతు, దాదాపు పావు మిల్లీమీటరు పడే అవకాశం నూటికి నలభై అని అర్థం. ఊరిలో నలభై శాతం మేర తడుస్తుందని గానీ, రోజులో నలభై శాతం సేపు వాన కురుస్తుందని గానీ దాని భావం కాదు. వాన ఎంత గట్టిగా పడుతుందన్నది ఆ అంకెలో అసలే లేదు.

ఆ అంకె ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఈ సాయంత్రం ఉరుముల మేఘాలు లేస్తాయని అంచనా వేసే వ్యక్తికి 80 శాతం నమ్మకం ఉందనుకోండి. లేస్తే ఆ ప్రాంతంలో సగభాగాన్ని తడుపుతాయని ఆయన అంచనా అనుకోండి. ఎనభైలో సగం నలభై. అంటే వాన మీద ఆయనకు ఉన్న నమ్మకం చాలా గట్టిదే, అది ఎవరి ఇంటి మీద పడుతుందన్నదే తేలని విషయం. ముసురు పట్టే వానలో ఇలా ఉండదు, జిల్లా మొత్తం ఒకేలా తడుస్తుంది. ఉరుముల వాన మాత్రం కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న మేఘస్తంభాల నుంచి కురుస్తుంది, అవి నడిచిన దారిలో ఉన్నవారికి కుండపోత, పక్కవారికి పొడి గాలి. మీ అబ్బాయి వీధి పొడిగా ఉండడం, స్నేహితుడి కారు అద్దం పగలడం రెండూ ఆ 40 శాతంలో ఇమిడేవే. ఒక్క రోజు చూసి ఆ అంకె తప్పో ఒప్పో తేల్చలేము. 40 శాతం అని చెప్పిన వంద సందర్భాలను పక్కపక్కన పెట్టి, వాటిలో సుమారు నలభైసార్లు వాన పడిందా అని చూడడమే దానికి సరైన పరీక్ష.

ప్రశ్న: నేను ఓక్లహామాలో చదువుకుంటున్నాను. మొన్న 38 డిగ్రీల ఎండ, ఒళ్లంతా జిగట, తప్పకుండా ఉరుముతుందని అందరూ అన్నారు, ఆకాశం మాత్రం సాయంత్రం వరకు నిర్మలంగా ఉంది. మర్నాడు 33 డిగ్రీలే అయినా భయంకరమైన గాలివాన వచ్చింది. వేడి ఎక్కువైతేనే ఉరుముల మేఘాలు లేస్తాయని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం కదా? (ఒక విద్యార్థి)

సమాధానం: మైదానాల వాతావరణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం విస్తరంగా చెబుతాను. పాఠ్యపుస్తకం చెప్పింది తప్పు కాదు, అయితే అది పొయ్యి గురించి చెప్పింది గానీ గిన్నె మీది మూత గురించి చెప్పలేదు.

ఆ మైదానాల మీద వేసవిలో రెండు వేర్వేరు గాలులు ఒకదానిపై ఒకటి వచ్చి చేరతాయి. కింద, నేలను ఆనుకుని, దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖ నుంచి తేమగాలి వస్తుంది. మీ ఒళ్లు జిగట పట్టించింది అదే. దాని పైన, నైరుతి దిశలోని ఎత్తైన ఎడారి పీఠభూముల మీద కాగి వచ్చిన పొడి వేడి గాలి పరచుకుంటుంది. పీఠభూమి మీద నేలను తాకుతూ ఉన్న ఆ గాలి తూర్పుకు జరిగేసరికి, అక్కడి నేల పల్లంగా ఉండడం వల్ల, తేమగాలి పైన కిలోమీటరున్నర నుంచి మూడు కిలోమీటర్ల ఎత్తులో నిలిచిపోతుంది. సాధారణంగా పైకి పోయేకొద్దీ చల్లబడవలసిన ఆకాశంలో ఒక పొర దగ్గర ఉష్ణోగ్రత తిరగబడి పెరుగుతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు, అక్కడి వాతావరణ నిపుణులు వాడుకలో మూత అనే అర్థంలో క్యాప్ అంటారు. కింద వేడెక్కి లేచిన గాలి ఆ పొరను చేరేసరికి తన చుట్టూ ఉన్న గాలి తనకన్నా వెచ్చగా, తేలికగా ఉండడంతో ఇక పైకి పోలేక ఆగిపోతుంది. మొన్న మీరు చూసిన నిర్మలమైన ఆకాశం కింద జరిగినది ఇదే.

మూత ఉన్నంతసేపు కింది తేమగాలి వేడెక్కుతూ, శక్తిని కూడబెట్టుకుంటూనే ఉంటుంది. ఆ శక్తికి ఒక కొలత ఉంది. పైకి లేచే ఒక కిలో గాలికి తేలిపోయే గుణం వల్ల ఎన్ని జౌళ్ల శక్తి దొరుకుతుందో లెక్కగడతారు, దాన్ని కేప్ అని పిలుస్తారు (మూతకు వాడే క్యాప్ వేరు). వెయ్యి జౌళ్లు ఉంటే ఓ మోస్తరు, రెండున్నర వేలు దాటితే బలమైనది, నాలుగు వేలు దాటితే తీవ్రమైనది అని స్థూలంగా చెప్పుకుంటారు. రెండున్నర వేల జౌళ్ల శక్తి మొత్తం కదలికగా మారితే గాలి సెకనుకు 70 మీటర్ల వేగంతో నిలువునా పైకి ఎగరాలి. వాన బరువు, పక్కనుంచి కలిసే పొడి గాలి అడ్డుపడి వాస్తవంలో ఆ వేగం దాదాపు సగానికి తగ్గుతుంది, అయినా అది పెద్ద పెద్ద వడగళ్లను గాలిలో ఆపి ఉంచగలదు. 2010 జులై 23న దక్షిణ డకోటాలోని వివియన్ దగ్గర పడిన వడగల్లు 20 సెంటీమీటర్ల వ్యాసంతో, 880 గ్రాముల బరువుతో అమెరికాలో నమోదైన అతి పెద్దదిగా నిలిచింది. అంత బరువును మోయగల గాలి ఎలాంటిదో ఊహించండి.

ఇప్పుడు మీ మర్నాటి విషయం. మూత తొలగడానికి రెండు మార్గాలున్నాయి. నేల దగ్గరి గాలి మూతను ఛేదించగలిగినంత వేడెక్కడం మొదటిది. ఏదైనా బయటి బలం మొత్తం గాలిని పైకెత్తి, ఆ క్రమంలో మూత పొరను కూడా చల్లబరచి పలచన చేయడం రెండోది. ఉత్తరం నుంచి దిగే శీతల వాయుముఖం (చల్లగాలి ముందంచు), పై ఎత్తులో తరలివచ్చే అల్పపీడన ద్రోణి, ముందురోజు రాత్రి వాన వదిలిపోయిన చల్లగాలి అంచు, ఇవన్నీ ఆ పని చేయగలవు. మైదానాల పడమటి భాగంలో వసంతంలోనూ వేసవి మొదట్లోనూ తరచుగా ఏర్పడే పొడిగీత కూడా అలాంటిదే. తేమగాలి, ఎడారి గాలి నేలమీద ఎదురెదురు పడే చోటు అది. దానికి ఒక పక్క గాలిలో ఉక్క, కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే మరో పక్క పెదవులు ఎండిపోయేంత పొడి. పగలు అది తూర్పుకు జరుగుతుంది, రాత్రి పడమటికి వెనుదిరుగుతుంది. మర్నాడు ఇలాంటి అంచు ఏదో మీ ఊరి మీదుగా పోయి ఉంటుంది, 33 డిగ్రీల వేడే సరిపోయి ఉంటుంది.

అంచనా వేసేవారు దీన్ని ఎలా పట్టుకుంటారంటే, రోజుకు రెండుసార్లు, అక్కడి వేసవి గడియారం ప్రకారం ఉదయం 7 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ సరిపడేలా, నార్మన్, డాడ్జ్ సిటీ, టోపీకా వంటి చోట్ల పరికరాలు కట్టిన బెలూన్లను వదులుతారు. ఎత్తుతో ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపుతూ ఉదయపు బెలూను పంపిన గీతను చూసి మూత ఎంత మందంగా ఉందో, దాన్ని ఛేదించడానికి నేల ఎన్ని డిగ్రీల వరకు కాగాలో లెక్కకడతారు. సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత 12 డిగ్రీలను దాటి ఉంటే ఆ రోజు మూత తెగడం కష్టమనే అనుభవసూత్రం ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. అది సూత్రం మాత్రమే. పడమట నేల ఎత్తుగా ఉన్న చోట ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది.

ఇక్కడే అంచనా వేసేవారి అసలు కష్టం ఉంది. మూత ఒక డిగ్రీ బలహీనంగా ఉంటే మధ్యాహ్నం మూడింటికే ఎక్కడపడితే అక్కడ చిన్న మేఘాలు లేచి శక్తి చెల్లాచెదురైపోతుంది. ఒక డిగ్రీ బలంగా ఉంటే ఏమీ జరగదు. సరిగ్గా మధ్యస్థంగా ఉండి సాయంత్రం ఒకటి రెండు చోట్ల మాత్రమే తెగితే, రోజంతా కూడబెట్టుకున్న శక్తి అంతా ఆ ఒకటి రెండు మేఘాలకే దక్కుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశ, వేగం బాగా మారుతూ ఉంటే అవి గిరగిర తిరుగుతూ గంటల తరబడి బతికే సూపర్‌సెల్ మేఘాలు అవుతాయి. ఏమీ జరగని రోజుకూ, ఆ ఏడాదిలోకెల్లా భీకరమైన రోజుకూ మధ్య తేడా ఒక్కోసారి ఆ ఒక్క డిగ్రీయే. అందుకే ఉరుములు వస్తాయని చెప్పి రాకపోయిన రోజున అంచనా వేసినవారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: ఉరుముల వాన మధ్యాహ్నం ఎండ తర్వాత రావాలి కదా, కాన్సాస్‌లో మాకు అర్ధరాత్రి రెండింటికే ఎందుకు వస్తుంది? (ఒక గృహిణి)

సమాధానం: మీరు గమనించినది నిజం. మైదానాల నడిమి భాగంలో వేసవి వాన ఎక్కువగా రాత్రి వేళ, తెల్లవారుజామున కురుస్తుంది. దీనికి రెండు కారణాలు కలిసివస్తాయి. మధ్యాహ్నం రాకీ పర్వతాల ఒడిలో, కొలరాడో తూర్పు వాలుల మీద లేచిన మేఘాలు తూర్పుకు నడుస్తూ, దారిలో ఒకదానితో ఒకటి కలిసి, ఒక పెద్ద గుంపుగా మారి మీ దగ్గరకు వచ్చేసరికి రాత్రవుతుంది. ఆ గుంపు సూర్యుడు లేకుండా ఎలా బతుకుతుందన్నది రెండో సంగతి. పగలు నేల మీద కాగిన గాలి పైకీ కిందికీ కలగలిసిపోతూ దక్షిణపు గాలిని నేల ఒరిపిడితో పట్టి ఉంచుతుంది. పొద్దుగుంకి నేల చల్లబడ్డాక ఆ పట్టు విడిపోతుంది. అప్పుడు నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులో దక్షిణపు గాలి వేగం పుంజుకుని, అర్ధరాత్రి దాటాక గంటకు డెబ్బై కిలోమీటర్లు, అంతకన్నా ఎక్కువగా కూడా వీస్తుంది. మీ వాకిట్లో ఆకు కదలకపోయినా నెత్తిమీద ఒక తేమగాలి నది ప్రవహిస్తూ ఉంటుంది. ఆ నది మేఘాల గుంపు కింద పరచుకున్న చల్లగాలిని ఎక్కి పైకి లేచి, దానికి తెల్లవార్లూ ఆహారం అందిస్తుంది.

ఈ రాత్రి వానలు నేల దగ్గరి గాలితో సంబంధం లేకుండా పైన పుడతాయి కాబట్టి నేలమీది పరికరాలకు ముందుగా చిక్కవు. 2015 జూన్, జులై నెలల్లో కాన్సాస్‌లోని హేస్ కేంద్రంగా పీకాన్ అనే పేరుతో శాస్త్రజ్ఞులు విమానాలు, రాడార్లు, బెలూన్లు పెట్టుకుని రాత్రంతా మేలుకుని పరిశీలనలు చేసింది ఈ చిక్కు విప్పడానికే.

ప్రశ్న: గరిష్ఠ ఉష్ణోగ్రత 36 డిగ్రీలు అన్నారు, 27 దాటలేదు. కనీసం ఎండనైనా సరిగ్గా చెప్పలేరా? (ఒక ఉద్యోగి, లింకన్)

సమాధానం: పై జవాబులోని రాత్రి వానే మీ జవాబు కూడా. ఒక మేఘాల గుంపు కురిసి పోయాక దాని కింద చల్లబడిన గాలి వందల కిలోమీటర్ల మేర నేలమీద చాపలా పరచుకుంటుంది. వానచినుకులు ఆవిరవుతూ గాలి నుంచి గుప్తోష్ణాన్ని లాగేసుకోవడం వల్ల వచ్చిన చల్లదనం అది. పైన మిగిలిన మబ్బు మధ్యాహ్నం దాకా ఎండను అడ్డుకుంటుంది, తడిసిన నేల పడిన కాస్త ఎండనూ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. తొమ్మిది డిగ్రీల తేడా అలా వస్తుంది. ముందురోజు సాయంత్రం 36 అని చెప్పినవారు ఆ గుంపు మీకు దక్షిణంగా పోతుందని అనుకుని ఉంటారు, అది యాభై మైళ్లు ఉత్తరంగా నడిచింది. ఎండ లెక్క తప్పలేదు, మేఘాల దారి లెక్క తప్పింది. ఆ చల్లగాలి చాప అంచే మళ్లీ ఆ సాయంత్రం కొత్త మేఘాలు లేచే చోటు అవుతుంది.

జులైలో నెబ్రాస్కా, అయోవాల్లో ఇంకొక మెలిక ఉంది. కనుచూపు మేర పెరిగిన మొక్కజొన్న చేలు ఆకుల ద్వారా విడిచే నీటి ఆవిరి గాలిలో తేమను పెంచుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా ఉక్క మాత్రం భరించలేనంత అవుతుంది, రాత్రి చల్లబడదు. చేలు ఎండిపోయిన కరవు ఏడాదిలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. 1936 జులైలో ఉత్తర డకోటాలోని స్టీల్, కాన్సాస్‌లోని ఆల్టన్ 121 ఫారన్‌హీట్ డిగ్రీలను, అంటే 49.4 సెల్సియస్‌ను చూశాయంటే, నేలలో ఆవిరి కావడానికి తడి మిగలకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

వాన ఎప్పుడూ చల్లబరుస్తుందని కూడా అనుకోవద్దు. 2011 జూన్ 9న కాన్సాస్‌లోని విచిటాలో అర్ధరాత్రి దాటాక ఇరవై నిమిషాల్లో ఉష్ణోగ్రత 29 డిగ్రీల నుంచి దాదాపు 39 డిగ్రీలకు ఎగబాకింది. చనిపోతున్న ఉరుముల మేఘం నుంచి పడిన చినుకులు దారిలోనే ఆవిరై గాలిని చల్లబరచి బరువెక్కించాయి, అది కిందికి దూకింది. చినుకులు అయిపోయాక చల్లబరిచేది ఏదీ లేక, కిందికి దిగే గాలి ఒత్తిడికి కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతూ నేలను తాకింది. ఇది ఏ ఊరికి జరుగుతుందో ముందు చెప్పడం నేటికీ దాదాపు అసాధ్యం.

ప్రశ్న: వాచ్, వార్నింగ్ అని రెండు మాటలు వస్తుంటాయి. వేటికి లేచి పరుగెత్తాలి? (ఒక తండ్రి)

సమాధానం: వాచ్ అంటే తీవ్రమైన ఉరుముల మేఘాలు ఏర్పడే పరిస్థితి ఉందని, కొన్ని గంటలపాటు పెద్ద ప్రాంతానికి చెప్పే మాట. ఓక్లహామాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ దాన్ని జారీ చేస్తుంది. వార్నింగ్ అంటే ఆపద ఎదురుగా ఉందని, రాడార్‌లో కనిపించడం వల్లనో ఎవరో కళ్లారా చూడడం వల్లనో స్థానిక కార్యాలయం ఇచ్చేది. లేవవలసింది వార్నింగ్‌కు. గంటకు 58 మైళ్లు, అంటే 93 కిలోమీటర్ల గాలి గానీ, అంగుళం వడగల్లు గానీ ఉంటే తీవ్రమైనదిగా లెక్క.

ఒకటి రెండు రోజుల ముందు వచ్చే పటాల్లో మార్జినల్ నుంచి హై వరకు ఐదు మెట్లుంటాయి. రెండో మెట్టు పేరు స్లైట్, అంటే స్వల్పం. ఈ పేరు చూసి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అది నాకు ఆందోళన కలిగించే విషయం. అలాంటి పటంలో తీవ్రమైన గాలి గానీ వడగళ్లు గానీ మీకు 40 కిలోమీటర్ల లోపు వచ్చే అవకాశం 15 శాతం ఉండవచ్చు, మామూలు రోజుతో పోలిస్తే అది చాలా రెట్లు ఎక్కువ. 2020 ఆగస్టు 10న నెబ్రాస్కా, దక్షిణ డకోటా సరిహద్దుల్లో మొదలై అయోవాను చీల్చుకుంటూ ఒహాయో దాకా పద్నాలుగు గంటల్లో సుమారు 1,240 కిలోమీటర్లు నడిచిన డెరేచో (సుదూరం దాకా తిన్నగా దూసుకుపోయే) గాలివాన తీవ్రత ముందురోజు పటాల్లో పూర్తిగా కనిపించలేదు. ఆ ఉదయం మేఘాలు లేచాకే హెచ్చరికల మెట్టు పెరిగింది. కాబట్టి ముందురోజు పటం చూసి నిశ్చింతగా పడుకోకుండా, ఆ రోజు ఉదయం మరోసారి చూడాలి.

ప్రశ్న: జులైలో డెన్వర్ నుంచి కాన్సాస్ సిటీకి పిల్లలతో కారులో వెళ్లాలి. ఏ వేళ బయలుదేరితే మంచిది, వాతావరణం దేనిలో చూసుకోవాలి? (ఒక పాఠకురాలు)

సమాధానం: దాదాపు 600 మైళ్లు, తొమ్మిది గంటల దారి. తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. మధ్యాహ్నం తర్వాత మొదలుపెడితే పర్వతాల దగ్గర లేచిన మేఘాలు మీతోపాటే తూర్పుకు నడుస్తూ, సాయంత్రం పడమటి కాన్సాస్‌లో బలపడి, చీకట్లో మీతో కలుస్తాయి. తెల్లవారుజామున బయలుదేరినా తూర్పు కాన్సాస్‌లో రాత్రి గుంపు తాలూకు చివరి వాన తగలవచ్చు, అయితే అప్పటికి అది సాధారణంగా నీరసించి ఉంటుంది.

వారం ముందు ఏ రోజు వేడి తరంగం ఉంటుందో, ఏ రోజు శీతల వాయుముఖం దిగుతుందో చూసుకోవచ్చు. ఉరుముల వాన ఏ గంటకు ఎక్కడ అన్నది మాత్రం అంత ముందు ఎవరు చెప్పినా నమ్మవద్దు. దానికి ఆ రోజు ఉదయపు సమాచారమే ఆధారం. మూడు కిలోమీటర్ల గడులతో గంటగంటకూ కొత్తగా లెక్కకట్టే హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ అనే కంప్యూటర్ నమూనా ఉంది గానీ, అది గీసిన మేఘాన్ని ఆ చోటే ఆ వేళకే వస్తుందని కాక, ఇలాంటి మేఘాలు ఈ పూట సాధ్యమని మాత్రమే చదవండి. అన్నిటికన్నా నేను ఎక్కువగా సిఫారసు చేసేది స్థానిక వాతావరణ కార్యాలయాలు రోజుకు కొన్నిసార్లు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్. మూత ఎంత బలంగా ఉంది, దేని మీద తమకు నమ్మకం ఉంది, దేని మీద లేదు అన్నది అందులో మనుషులు మాటల్లో రాస్తారు. ఫోనులోని శాతం అంకె ఎన్నడూ చెప్పని విషయం అది. మీ దారికి బౌల్డర్, గుడ్‌లాండ్, విచిటా, టోపీకా, కాన్సాస్ సిటీ కార్యాలయాలవి చూడండి.

దారిలో వడగళ్లు పడితే వంతెన కింద ఆగవద్దు. వెనక వచ్చే వాహనాలకు దారి మూసుకుపోతుంది, సుడిగాలి వస్తే అక్కడ గాలి ఇంకా ప్రమాదకరంగా ఉంటుంది. దగ్గరి నిష్క్రమణ దారిలో దిగి ఏదైనా గట్టి భవనంలోకి వెళ్లండి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయలుదేరండి. ఇంకొక చిన్న సంగతి: కొలరాడో గడియారానికి కాన్సాస్‌లోని చాలా భాగపు గడియారం ఒక గంట ముందుంటుంది. హెచ్చరికలో రాసిన వేళ ఆ ప్రాంతపు గడియారం ప్రకారమే ఉంటుంది కాబట్టి, గుడ్‌లాండ్ దాటాక మీ కారులోని గడియారాన్ని సరిచేసుకున్నాకే ఆ వేళను చదవండి.